నాలుగు మంచి మాటలు

విడవలూరు మండలం దొరువుపాళెంలో ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకు తెలియదు. అందరివీ షారన్‌కు తెలుసు. బస్సు ఆగే చోట, ఐసు ఫ్యాక్టరీ పక్కనున్న నెట్ సెంటరు ఆమెదే. నెల్లూరులో ఎంసీఏ చదివి, బెన్హర్‌ను పెళ్ళాడి ఈ ఊరికి వచ్చాక పెట్టుకుంది. జిరాక్సు మొదలు రొయ్యల గుంట అనుమతి దాకా ఏ పనయినా ఆమె బల్ల ముందుకే రావాలి. దరఖాస్తుకు మెయిల్ ఉండాలి, మెయిల్‌కు పాస్‌వర్డ్ ఉండాలి. ఏం పెట్టమంటారని ఆమె అడిగితే, నీకు తోచింది పెట్టు మే అనేసి జనం బయటికెళ్ళి టీ తాగి వచ్చేవాళ్ళు. పాస్‌వర్డ్ పెట్టడం తమ పని కాదనీ, పురుడు పోయడంలాగా అదొక వృత్తి అనీ వాళ్ళ నమ్మకం.

ఆ వృత్తి వల్లనే షారన్ పరువు బజారున పడింది.

జయరామయ్య గారు ఊళ్ళో పెద్ద రైతు. భార్య పోయి కొన్నేళ్ళయింది. మనిషి దిట్టంగా ఉంటాడు, మీసానికి రంగు తప్పకుండా వేస్తాడు. ఒకరోజు సెంటరులో ఎవరూ లేని సమయం చూసుకుని వచ్చి, గొంతు తగ్గించి, పెళ్ళిసంబంధాల వెబ్‌సైటులో తన పేరు ఎక్కించమన్నాడు. వయసు దగ్గర కాసేపు ఆలోచించి, కొడుకు వయసు కంటే కొంచెం ఎక్కువగా ఒక అంకె చెప్పాడు. ఫోన్ నంబరు మాత్రం అడగ్గానే గడగడా చెప్పేశాడు. అది ఆయన కోడలు ఉషారాణి నంబరు. ఎవరికి వాళ్ళు ఫోన్ చేసుకోరు కాబట్టి ఆయనకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. పొలం నుంచి రోజూ క్యారేజీ పంపమని చేసేది దానికే. మర్నాడు ఉషారాణి పులుసుకు చింతపండు పిసుకుతుండగా ఆమె ఫోనుకు మెసేజి వచ్చింది. జయరామయ్య గారూ, ఒక వధువు మిమ్మల్ని మెచ్చింది, వెంటనే స్పందించండి అని.

సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. జయరామయ్య గారు నెట్ సెంటరు ముందు నిలబడి, నా పాస్‌వర్డ్ తెలిసింది నీకొక్కదానికే, బయటపెట్టింది నువ్వుగాక ఇంకెవరని పదిమందిలో నిలదీశాడు. మీరిచ్చిన నంబరు మీది కాదని షారన్ చెప్పబోయింది. నా నంబరు నాకు తెలవదా అంటూ ఆయన ఆ నంబరునే మళ్ళీ అప్పజెప్పాడు. ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు కాబట్టి అక్కడున్నవాళ్ళు ఆయన మాటే నమ్మారు.

ఊరు ఆమెను వెలివెయ్యలేదు. ఎందుకంటే ఇంకో నెట్ సెంటరు లేదు. పని చేయించుకుంటూనే అనుమానించడం మొదలుపెట్టారు. పొదుపు సంఘం లీడరు పిచ్చమ్మ అంతకుముందు ఇంటి గుట్టు కూడా షారన్ చెవిన వేసేది. ఇప్పుడు ఫోనుకు కొంగు అడ్డం పెట్టుకుని ఓటీపీ చదువుతోంది, అదీ ఊరవతలికి వినిపించేంత గట్టిగా. ఆదివారం పాస్టరు సమాధానం గారు నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి ప్రసంగిస్తే, ఆడవాళ్ళ వైపు తలలన్నీ షారన్ కూర్చున్న చాప వైపు తిరిగాయి. ఆ పూట ఆమె ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఎవరి మాటా ఎవరికీ చెప్పలేదని రుజువు చేసుకోవడానికి ఆమెకున్నది నోరొక్కటే. ఊరు నమ్మనిదీ ఆ నోటినే.

అందుకని ఆమె ఒక యాప్ రాసింది. దాని పేరు బీగాలగుత్తి. ఎవరి పాస్‌వర్డ్‌లు వాళ్ళ ఫోన్లోనే మూటకట్టి బీగం వేసి పెడుతుంది. ఆ బీగానికి తాళంచెవి నాలుగు తెలుగు మాటలు. లాటరీ చీటీలు తీసినట్టు, వేల మాటల్లోంచి ఏవో నాలుగు యాపే తీసి ఇస్తుంది. అవి గుర్తుంటే చాలు. షారన్‌కు గానీ, షారన్‌ను పుట్టించిన దేవుడికి గానీ చెప్పనక్కర్లేదు. రేపు ఎవరైనా వచ్చి నా పాస్‌వర్డ్ ఏంది మే అంటే, నాకు తెలియదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పవచ్చు. లోకంలో అందరూ తెలిసినవాళ్ళం అనిపించుకోవడానికి తాపత్రయపడుతుంటే, షారన్ తెలియనిదాన్ని అనిపించుకోవడానికి ఆరాటపడింది.

బెన్హర్ రొయ్యల గుంటలకు ఐసు తోలే మనిషి. ఏ పనయినా కరిగిపోకముందే అయిపోవాలనేది ఆయన పద్ధతి. అందరి ఫోన్లలో ఉండే పెద్ద స్టోరులో పడేస్తే సరిపోతుంది కదా అన్నాడు. సరిపోదంది షారన్. కోడును దాచకుండా అందరికీ వదిలేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాళ్ళ స్టోరు వేరే ఉంది, అందులోకే వెళ్ళాలంది. అక్కడ మనం కట్టిన యాప్ తీసుకోరు. మన కోడు తీసుకుని, చదివి, వాళ్ళ కంప్యూటర్లో వాళ్ళే యాప్ కట్టుకుంటారు. రాసింది ఎంత మంచివాళ్ళయినా సరే, వాళ్ళ మాట మీద నమ్మకం పెట్టరు.

"అంత అనుమానం మనుషులతో మనకేం పని?" అన్నాడు బెన్హర్.

"మనూరోళ్ళు చూడకుండా అనుమానిస్తారు. వాళ్ళు చూసి అనుమానిస్తారు. చూసినాక ఏమీ లేకపోతే, ఏమీ లేదని రాసిస్తారు. నాకు ఆ ఒక్క ముక్క కావాల."

అయితే అక్కడికే పంపు అన్నాడు బెన్హర్. భార్య అన్నం మానేసిన ఆదివారం ఆయనకు గుర్తుంది.

స్టోరు తరఫున ఆమె కోడు చూడటానికి హెన్రిక్ అనే ఆయన వచ్చాడు. వచ్చాడంటే మనిషి రాలేదు, స్వీడన్‌లో కూర్చుని రాశాడు. జీతం భత్యం లేకుండా, లోకంలో ఎవరూ చదవని కోడును చదివి తప్పులు పట్టే పుణ్యాత్ముడు. స్వేచ్ఛ విషయంలో ఆయనకు మహా మడి. యాప్‌లో క్యూఆర్ కోడు చదివే ముక్క ఒక పెద్ద కంపెనీ సొత్తు కాబట్టి అది తగిలినంత మేరా మైలపడిందన్నాడు. షారన్ ఆ ముక్క తీసేసి, మిగతాది కడిగి ఆరబెట్టింది. తెలుగు ఫాంటు ఎవరు గీశారు, వాడుకోవచ్చని రాసిచ్చారా అన్నాడు. ఆమె ఫాంటు మార్చింది. హమ్మయ్య అనుకుని టీ చెప్పుకునేలోగా మూడో ప్రశ్న వచ్చింది. నాలుగు మాటలు తీసివ్వడానికి వేల తెలుగు మాటలు పెట్టారు కదా, అవి ఎవరివి?

షారన్ నిజం చెప్పింది. ఇంత జరిగినా ఆమెకు ఆ అలవాటు పోలేదు. నిఘంటువులోవి తీసుకుంటే దాని హక్కుదారులు ఎక్కడ పోట్లాటకు వస్తారోనని, తన దగ్గరికి వచ్చే జనం మాట్లాడుకునే మాటలు విని ఎక్కించానని రాసింది. కయ్య, కళ్ళం, గాలం, తెప్ప, చాప, చీపురు అన్నీ అలా వచ్చినవే. చాలా సంతోషం, అయితే ఆ జనం వాటి మీద తమ హక్కులు వదులుకున్నట్టు ఒప్పుకున్నారా అని హెన్రిక్ మర్యాదగా అడిగాడు.

ఆ ప్రశ్నను తెలుగులోకి దించడంలోనే కొంప మునిగింది. ఊరి పెద్దలను తుఫాను షెల్టరులో కూర్చోబెట్టి, యాప్ సంగతంతా వివరించి, చివరికి షారన్ అడిగింది ఒక్కటే. ఈ మాటల మీద మాకు హక్కేమీ లేదని మీరంతా ఒప్పుకుంటే చాలు అంది.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు కూడా ఆ షెల్టరులో అంత గోల పుట్టలేదు. మా మాటల మీద మాకు హక్కు లేకపోవడం ఏందని ఒకరు, మొన్న పోర్టుకని తీరం అడిగినారు, ఇవాళ నోరు అడుగుతుండారని ఇంకొకరు లేచారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తన వరిమడికి వాడుకుంటున్న కయ్య అనే మాటను సముద్రాల అవతలి మనిషికి రాసిచ్చేది లేదని జయరామయ్య గారు తేల్చి చెప్పాడు. మరీ అవసరమైతే కౌలుకిద్దామన్నాడు. కౌలు ఎన్నేళ్ళకని పిచ్చమ్మ అడిగింది. పాస్టరు గారు లేచి, అసలు ఏయే మాటలు పెట్టిందో ముందు వినడం మంచిదని సలహా ఇచ్చారు. ఆ సలహా ఇవ్వకుండా ఉంటే బాగుండేది.

షారన్ ఒక్కొక్క మాటా చదివింది. చీపురు దగ్గర పిచ్చమ్మ ఆపింది. పొద్దున్నే ఫోను తెరిస్తే చీపురా అంది. చీపురు పోయింది. పాము పేరెత్తకూడదన్నారు, పురుగు అనాలన్నారు. పురుగు అంటే పైరుకు పడుతుందని రైతులు పురుగును కూడా తీయించారు. బోల్తా, సుడి, వాయుగుండం వద్దని పడవలవాళ్ళు పట్టుబట్టారు. చౌడు, తాలు, కరువు వద్దని కయ్యలవాళ్ళు పట్టుబట్టారు. దయ్యం ఉన్న యాప్‌ను సంఘ బిడ్డలు ఎక్కించుకోలేరని పాస్టరు గారు వినయంగా చెప్పారు. దయ్యం తీస్తే పూనకం ఎందుకుంచాలని ఆయనే మళ్ళీ అడిగారు. ఉప్పు ఉండొచ్చా అని పెద్ద చర్చ జరిగి, పగలు ఉండొచ్చు, దీపం పెట్టినాక ఉండకూడదని తీర్మానమైంది. ఒక మాటను పగలు ఉంచి రాత్రి తీయడం కుదరదని షారన్ చెబితే, ఇంత పెద్ద చదువు చదివినావు, ఆ మాత్రం చెయ్యలేవా అన్నారు.

ఫ్యాను అనే మాట దగ్గర నిజమైన యుద్ధం వచ్చింది. అది ఎన్నికల గుర్తు కాబట్టి ఉండకూడదన్నారు సగం మంది. అయితే సైకిలు కూడా తీసెయ్యాలన్నారు మిగిలిన సగం. గ్లాసు, చెయ్యి, కమలం ఎవరూ అడగకుండానే వాటి వెంట వెళ్ళిపోయాయి. చివరికి మిగిలినవి పట్టుచీరల కొట్టు బోర్డు మీద రాసుకోదగ్గ మాటలు. పసుపు, కుంకుమ, పాయసం, పండగ, ధాన్యం, దీవెన.

ఇంత తక్కువ మాటలుంటే దొంగ సులువుగా ఊహించేస్తాడని షారన్ మొత్తుకుంది. జయరామయ్య గారు ఆమెను జాలిగా చూశాడు. ఇన్ని మంచి మాటలు నోట్లో నానేవాడు దొంగతనానికెందుకు వస్తాడు అన్నాడు. సభ అంతా తలూపింది.

ఊరిని మంచి చేసుకోవాలన్న ఆశతో షారన్ ఆ మాటలన్నీ నిజంగానే తీసేసింది. ఎందుకు తీశావో రాయాలి కాబట్టి, అశుభమైన మాటలు తొలగించాను అని ఇంగ్లీషులో రాసింది. హెన్రిక్ పాపం ఆ వాక్యాన్ని ఒక రోజంతా చూసినట్టున్నాడు. చీపురు ఎందుకు అశుభం అని అడిగాడు. దాంతో స్టోరు వాళ్ళ చర్చావేదికలో ఇంకో తుఫాను షెల్టరు తెరుచుకుంది. ఇది భద్రతాలోపమని కెనడా నుంచి ఒకామె వాదించింది. స్థానిక సంస్కృతిని గౌరవించాలని బెర్లిన్ నుంచి ఒకాయన ఆమెను మందలించాడు. ఆయన జన్మలో చీపురు పట్టినట్టు లేదు. సెట్టింగుల్లో శుభం, అశుభం అని ఒక మీట పెడితే ఎవరిష్టం వాళ్ళదని మూడోవాడు రాజీ కుదిర్చాడు. పుట్టలో పాముకు వేరే పేరు పెట్టాలా వద్దా అన్నంత గంభీరంగా వాళ్ళు వాదించుకుంటుంటే, షారన్‌కు ఎంతో కాలం తర్వాత నవ్వొచ్చింది. మనూరోళ్ళు లోకమంతా ఉండారు అని బెన్హర్‌కు చెప్పింది.

చివరికి న్యాయం తెలిసిన ఒక పెద్దమనిషి వచ్చి రెండు వాక్యాలు రాసి వెళ్ళాడు. ఒక భాషలో జనం వాడే మామూలు మాటలకు ఎవరూ యజమానులు కారట. కాబట్టి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదట. హెన్రిక్ క్షమాపణ చెప్పుకున్నాడు. షారన్ లెంపలు వేసుకుని చీపురు, పాము, పీనుగతో సహా అన్ని మాటలనూ తిరిగి ఎక్కించింది. ఊళ్ళో మాత్రం, మన హక్కు మనకే ఉందని స్వీడన్ వాళ్ళు ఒప్పుకున్నారని జయరామయ్య గారు చెప్పుకున్నాడు. అది గెలుపే కాబట్టి ఎవరూ వివరాలు అడగలేదు.

యాప్ స్టోరులోకి వచ్చింది. దాని పేజీలో, ఇది ఎవరి సమాచారాన్నీ ఎక్కడికీ పంపదు అని ఉంది. రాసినవారు షారన్, దొరువుపాళెం అని ఉంది. ఆమె ఆ పేజీని పదేపదే చూసుకుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు తన కోడును గీరి గీరి చూసి, ఈ మనిషి దగ్గర మోసం లేదని ఒప్పుకున్నారు. బెన్హర్ ఆ పేజీని రంగుల ప్రింటు తీయించి సెంటరు తలుపుకు అంటించాడు. పాస్టరు గారు చర్చిలో ప్రకటించి, ఆమె కోసం ప్రార్థన కూడా చేశారు. ఆ పాత ప్రసంగం ఊసు మాత్రం ఎత్తలేదు.

యాప్ ఎక్కించుకోవడానికి ఊరు మొత్తం సెంటరుకు వచ్చింది. మొదట పిచ్చమ్మ కూర్చుంది. బీగాలగుత్తి ఆమెకు చీపురు, బూడిద, పాము, ఉప్పు అని ఇచ్చింది. పిచ్చమ్మ చటుక్కున ఫోను బోర్లా పెట్టేసి, పొద్దున్నే నా మొహాన ఇవేం మాటలని కళ్ళకద్దుకోబోయి, ఏది కళ్ళకద్దుకోవాలో తెలియక ఆగిపోయింది. అలా ఏదో ఒకటి రావడంలోనే బలముందని, దొంగ కలలో కూడా ఊహించలేడని షారన్ చెప్పింది. దొంగ సంగతి సరే, రోజూ అనుకోవాల్సింది నేను గదా అంది పిచ్చమ్మ. తెర మీద 'మరొకటి' అనే మీట ఉంది. పిచ్చమ్మ దాన్ని నొక్కింది. ఇంకోసారి నొక్కింది. ఆమెను చూసి వరుసలో ఉన్నవాళ్ళంతా నొక్కడం మొదలుపెట్టారు. మాటలు నచ్చేదాకా నొక్కుతూ పోతే చీటీలు తీసి ఏం లాభమని షారన్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పింది. ఆకు చూసి జాతకం చెప్పేవాడి ముందు కూర్చున్నంత శ్రద్ధగా వాళ్ళు నొక్కుతూనే ఉన్నారు. ఒకరికి మూడు మంచి మాటలు వచ్చి నాలుగోది పాడె వచ్చింది. ఊరంతా అయ్యో అంది.

అప్పుడు బెంచీ మీద కూర్చుని నొక్కుతున్న జయరామయ్య గారు లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు సర్దుకుని, పెళ్ళిపత్రిక చదివినట్టు గట్టిగా చదివాడు.

"పసుపు, పాయసం, కళ్ళం, కల్యాణం."

కల్యాణం దగ్గర ఒకరిద్దరు దగ్గారు గానీ, మాటలు మాత్రం ఒకదాన్ని మించి ఒకటి ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు.

షారన్ పరుగున వచ్చింది. "అట్టా బయటికి చదవబాకండి పెద్దయ్యా. అవి మీ ఒక్కరికే తెలియాల."

"మంచి మాట బయటికే అనాల బిడ్డా," అన్నాడు ఆయన. "మెల్లిగా అనేది చెడ్డ మాట."

"నాకూ అయ్యే పెట్టు మే," అంది పిచ్చమ్మ.

మీటతో పని లేకుండా ఎవరి మాటలు వాళ్ళు టైపు చేసుకునే వీలు కూడా యాప్‌లో ఉంది. జనం స్వేచ్ఛ కోసమని హెన్రిక్ చేత మెచ్చుకోలు పొందిన వీలు అది. పిచ్చమ్మ వెనకాల ఉన్నామె నాకూ అవే అంది. ఆమె వెనకాయన మా ఇంట్లో అందరికీ అవే అన్నాడు. అందరిదీ ఒకటే చెవి అయితే బీగం వేసినా వెయ్యనట్టేనని షారన్ చేతులు జోడించి చెప్పింది. ఆమె గొంతులో ఏడుపు వినిపించి జయరామయ్య గారు వరుస వైపు తిరిగాడు.

"ఇంక ఈ బిడ్డను ఎవురూ ఏమీ అనబాకండి. అప్పుడంటే ఈమెకొక్కదానికే తెలుసు, అందుకని అనినాను. ఇప్పుడు అందరికీ తెలుసు. ఏదన్నా బయటపడిందంటే, అనుమానపడేదానికి ఊరంతా ఉండాది."

ఆయన తప్పు ఒప్పుకోవడం ఊరెప్పుడూ చూడలేదు. పిచ్చమ్మ కళ్ళు తుడుచుకుని షారన్ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో. స్వీడన్ మనిషి అంత శ్రమపడి రాసిచ్చిన ముక్క చెయ్యలేని పని, ఈ తెలివితక్కువ పని చేసి పెట్టింది. తను కట్టిన బీగం తన కళ్ళ ముందే ముక్కలవుతోందని షారన్‌కు తెలుసు. చెప్పాలనీ తెలుసు. కానీ అందరూ తన మొహంలోకి చూసి నవ్వుతున్నారు, ఆ నవ్వును ఆపే ధైర్యం ఆమెకు లేకపోయింది. సంతోషంగా ఉంది, సిగ్గుగానూ ఉంది. ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని, పసుపు, పాయసం, కళ్ళం, కల్యాణం అని టైపు చేసి ఇచ్చింది.

వరుస అయిపోవచ్చింది. పిచ్చమ్మ బల్ల మీదకు వంగింది.

"నీ ఫోన్లో గూడా ఉండాదా ఈ యాపు?"

"ఉండాదక్కా."

"దానికేం మాటలు పెట్టుకున్నావు?"

షారన్ తడబడింది. అది ఎవరికీ చెప్పకూడదక్కా అంది.

సెంటరులో నవ్వులు ఆగిపోయాయి. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. జయరామయ్య గారు కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకుంటూ, కోపం లేకుండానే అడిగాడు.

"మాకు తెలియకుండా నీ దగ్గర దాచేది ఏముండాది బిడ్డా?"

షారన్ తన ఫోను తీసి అందరికీ కనపడేట్టు బల్ల మీద పెట్టింది. పాత నాలుగు మాటలు చెరిపేసి, కొత్తవి ఒక్కొక్కటే టైపు చేసింది. పిచ్చమ్మ ఆమె భుజం మీదుగా తొంగి చూస్తూ ప్రతి అక్షరం కూడబలుక్కుంటోంది.

"కళ్ళంలో ళ కింద ళ వత్తు పెట్టినావా?"

"పెట్టినానక్కా," అని షారన్ ఓకే నొక్కింది.